పడక సీనులోనే యుద్ధమంతా ఉంది

అనంతపురం జిల్లాలో తిరునాళంటే రాత్రికి నాటకం ఉండాల్సిందే, నాటకమంటే మావైపు ఎక్కువగా శ్రీకృష్ణ రాయబారమే. తిరుపతి వేంకట కవుల పద్యాలు, హార్మోనియం, తెల్లవార్లూ కదలని జనం. అందరూ ‘జెండాపై కపిరాజు’ పద్యం కోసం కాచుకుని ఉంటారు, నాకు మాత్రం ఆట మొదట్లో వచ్చే పడక సీనంటేనే ఇష్టం.

కథ తెలిసిందే. యుద్ధానికి సాయం అడగడానికి ఇద్దరూ ద్వారకకు వస్తారు, కృష్ణుడు పడుకుని ఉంటాడు. ముందొచ్చిన దుర్యోధనుడు తలవైపు ఆసనం చూసుకుని కూర్చుంటాడు, వెనకొచ్చిన అర్జునుడు కాళ్ల దగ్గర ఆగిపోతాడు. ఎవరెలాంటివాళ్లో మాటతో పని లేకుండానే తెలిసిపోయింది. ఇక కృష్ణుడి సంగతి ఓసారి నా పక్కన కూర్చున్న పెద్దాయన చెప్పాడు, “యాడ నిద్రప్పా, కండ్లు మూసుకోని అన్నీ చూస్తాండాడు” అని. ఆ తర్వాత ఆటంతా ఆయన చేసేదీ అదే కదా, సంధి కుదరదని తెలిసే సంధికి వెళ్తాడు.

లేచి మొదట అర్జునుణ్ణి పలకరించి, దుర్యోధనుడి వైపు తిరిగి ‘బావా ఎప్పుడు వచ్చితీవు’ అని అందుకుంటాడు. ఉత్త కుశలప్రశ్నలే అనిపిస్తుంది గానీ ఎవరెవరిని అడుగుతున్నాడో చూడండి, తమ్ముళ్లు, కొడుకులు, చుట్టాలు, నీ దొరతనానికి అండగా ఉన్న కర్ణుడు, వంశం బాగు కోరే భీష్ముడు, ద్రోణుడు. బాగున్నారా అని అడిగినవాళ్లలో యుద్ధం అయ్యాక మిగిలేది దాదాపు ఎవరూ లేరు. కర్ణుడి పేరు ఎత్తిన తీరులో నాకైతే ఎత్తిపొడుపు కూడా వినిపిస్తుంది. అలాంటి పద్యాన్ని పట్టుకుని మనవాళ్లు మొదటి ‘బావా’ దగ్గరే రాగం సాగదీస్తారు, జనం వన్స్‌మోర్ అంటారు, కర్ణుడు కాస్తా ఈలల్లో కొట్టుకుపోతాడు. తాడిపత్రిలో 1880లో పుట్టిన రంగస్థల నటుడు బళ్లారి రాఘవకు నాటకంలో ఈ పాటకచ్చేరీ ధోరణి నచ్చేది కాదు. నేను రాగం వద్దనను, ఆ పేర్లు మాత్రం వినబడనివ్వండి.

తర్వాత కోరిక. ఒకవైపు నారాయణ సేన, ఇంకోవైపు ఆయుధం పట్టని తాను, చిన్నవాడు ముందు కోరుకోవాలి. అర్జునుడు కృష్ణుణ్ణి అడగగానే దుర్యోధనుడికి లోపల పండగే, తలలు లెక్కపెట్టుకునేవాడికి సేనే కదా లాభం.

ఇందులో ఓ తిరకాసుంది. ఈ సీనుకు ఒకటో కృష్ణుడు, రాయబారానికి రెండో కృష్ణుడు అని మనుషులే మారిపోతారు. పేరున్నాయన్ని రాయబారం జరిగే కౌరవసభ సీను కోసం దాచుకుని పడక సీను కొత్తవాళ్లకు వదిలేయడం చాలాసార్లు చూశా. నన్నడిగితే తిరగేయాలి. సభలో సగం పని పద్యాలే చేసిపెడతాయి, ఇక్కడ కళ్లు మూసుకుని పడుకుని నటించాలి.