డ్యూటీలో ఉన్న కుర్రాడికి ఫారిన్ ఆఫర్ వస్తే

మన వైజాగ్‌లో మల్కాపురం, సింధియా, గాజువాక సైడు ఏ వీధిలోకెళ్ళినా నేవీలో చేస్తున్నవాళ్ళో చేసి వచ్చినవాళ్ళో ఒకరైనా ఉంటారు, ఇంక శ్రీకాకుళం, విజయనగరం నుంచి ఆర్మీకెళ్ళిన పిల్లల సంగతి చెప్పక్కర్లేదు. అందుకే ఇది రాస్తున్నా. యూనిఫాంలో ఉన్న మనిషిని వేరే దేశం వాళ్ళు డబ్బు చూపించి లాక్కుపోవడం గురించి. కిరాయి సైనికులు అనగానే ఎక్కడో ఆఫ్రికా అడవుల్లో గొడవ అనుకుంటాం గానీ మనకి అంత దూరమేం కాదు.

2022 అక్టోబర్‌లో బ్రిటన్ రక్షణ శాఖ ఓపెన్‌గానే వార్నింగ్ ఇచ్చింది, చైనా వాళ్ళు తమ మిలటరీకి ట్రైనింగ్ ఇప్పించుకోడానికి బ్రిటిష్ పైలట్లకి గాలం వేస్తున్నారని, రిటైరైనవాళ్ళకే కాదు సర్వీసులో ఉన్నవాళ్ళకి కూడా. అప్పటికే 30 మంది దాకా మాజీ పైలట్లు వెళ్ళిపోయారని, ఏడాదికి రెండు లక్షల పౌండ్ల పైనే ఆఫర్ చేస్తున్నారని వార్తలొచ్చాయి. ఒక పైలట్ వెళ్తే మనిషొక్కడే వెళ్ళడు కదా, ఆ దేశం వాళ్ళు ఎలా ఎగురుతారు, ఫైట్‌లో ఎలా ఆలోచిస్తారు, అవన్నీ వాడితో పాటే వెళ్ళిపోతాయి. ఆ తర్వాత ఆస్ట్రేలియా 2024లో చట్టమే తెచ్చింది, డిఫెన్స్‌లో చేసినవాళ్ళు చాలా దేశాల మిలటరీకి పనిచేయాలంటే ముందు పర్మిషన్ తీసుకోవాలి, లేకపోతే 20 ఏళ్ళ దాకా జైలు.

చట్టం ఉండాల్సిందే. కానీ చట్టం ఒక్కటే పెట్టి కూర్చుంటే ఏమవుద్దో కొలంబియాని చూస్తే తెలుస్తుంది. అక్కడ సైనికులు నలభై ఏళ్ళ వయసుకే చిన్న పెన్షన్‌తో బయటికొచ్చేస్తారు, చేతిలో తుపాకీ పని తప్ప ఇంకేం ఉండదు, వాళ్ళే యూఏఈ తరఫున యెమెన్ వెళ్ళారు, ఉక్రెయిన్ వెళ్ళారు, 2021 జూలైలో హైతీ ప్రెసిడెంట్ హత్య కేసులో దొరికినవాళ్ళలో చాలామంది కొలంబియా మాజీ సైనికులే.

ఇప్పుడు మన అగ్నివీర్‌ల దగ్గరికి రండి. నాలుగేళ్ళు సర్వీసు, అయ్యాక 25 శాతం దాకా ఉంచుతారు, మిగతావాళ్ళకి సేవా నిధి అని ఒకేసారి సుమారు 11.71 లక్షలు, పెన్షన్ లేదు. నేవీ మొదటి బ్యాచ్ 2022 చివర్లో చేరి ఒడిశాలోని చిల్కాలో ట్రైనింగ్ పూర్తి చేసింది 2023 మార్చిలో, చేరినప్పట్నించి లెక్కేస్తే వాళ్ళ నాలుగేళ్ళు 2026 చివరికి అయిపోతాయి. ఇరవై రెండు ఇరవై మూడేళ్ళ కుర్రాడు, మంచి ట్రైనింగ్ ఉంది, ఇంట్లో చెల్లి పెళ్ళి ఉంది, అప్పుంది, తర్వాతేంటో తెలీదు. గాలం వేసేవాడు సరిగ్గా ఈ ఆఖరి ఏడాదిలోనే వేస్తాడు, సర్వీసు అయిపోయేదాకా ఎందుకు ఆగుతాడు చెప్పండి. నా బాధంతా ఈ ఆఖరి ఏడాది గురించే.

ఆఫర్ కూడా యుద్ధం అని చెప్పి రాదు. సెక్యూరిటీ జాబ్ అంటారు, ట్రైనర్ అంటారు, హెల్పర్ అంటారు. రష్యాకి హెల్పర్లు అని తీసుకెళ్ళి యుద్ధంలోకి పంపిన మనవాళ్ళలో 12 మంది చనిపోయారని 2025 జనవరిలో మన విదేశాంగ శాఖే చెప్పింది, వాళ్ళలో చాలామందికి సైన్యం అంటే ఏంటో కూడా తెలీదు, మామూలు పిల్లలు. 2024 మే గుర్తుందా, డేటా ఎంట్రీ జాబులని చెప్పి మన వైజాగ్ పిల్లల్ని కంబోడియా పంపేసిన ఏజెంట్లని మన సిటీ పోలీసులే పట్టుకున్నారు. ఆ రూటే, ఆ మాటలే. రేపు ఎదురుగా ట్రైనింగ్ ఉన్న కుర్రాడు దొరికితే వాడి రేటు ఇంకా ఎక్కువ, అంతే తేడా.

2019 డిసెంబర్‌లో పాకిస్తాన్‌కి సమాచారం ఇస్తున్నారని ఏడుగురు నేవీ వాళ్ళని అరెస్టు చేసిన కేసులో కూడా మొదలు సోషల్ మీడియా పరిచయమే. ఆ వెంటనే నేవీ బేస్‌లలో, షిప్పుల్లో స్మార్ట్‌ఫోన్ బ్యాన్ చేసింది. మంచిదే. కానీ లీవులో ఇంటికొచ్చినోడి చేతిలో ఫోన్ ఉంటుందిగా.

సర్వీసులో ఉండగా చెప్పాపెట్టకుండా వెళ్ళిపోతే అది డిజర్షన్, కోర్ట్ మార్షల్. అక్కడ పట్టుబడితే ఇంకా ఘోరం, 1977 జెనీవా ప్రోటోకాల్ ప్రకారం కిరాయి సైనికుడికి యుద్ధ ఖైదీ హోదా హక్కుగా రాదు. ఈ ముక్క ఎంతమంది పిల్లలకి చెప్తున్నాం మనం?

నన్నడిగితే దెబ్బ ముందు ఏజెంట్ మీద పడాలి. వేరే దేశం సేవ కోసం ఇక్కడ మనుషుల్ని చేర్చుకోవడాన్ని ప్రభుత్వం ఆపడానికి 1874 నాటి ఫారిన్ రిక్రూటింగ్ యాక్ట్ ఉంది, ఏజెంట్ల రిజిస్ట్రేషన్‌కి 1983 ఎమిగ్రేషన్ యాక్ట్ ఉంది, వాడాలి. రెండోది, ఆఫర్ వచ్చిన కుర్రాడు భయం లేకుండా వెళ్ళి తన ఆఫీసర్‌కి చెప్పుకునేలా ఉండాలి. సార్ నాకిలా మెసేజ్ వచ్చింది అంటే, నీకే ఎందుకొచ్చింది అని వాడినే దొంగలా చూస్తే ఇంకెవడూ నోరు విప్పడు. మూడోది జాబు, బయటికొచ్చే ఆర్నెల్ల ముందే పోర్టులోనో, స్టీల్ ప్లాంట్‌లోనో, పోలీసులోనో, ఎక్కడో ఒకచోట చేరే దారి వాడి కళ్ళకి కనపడాలి, కాగితం మీద రిజర్వేషన్ పర్సెంటేజ్ కాదు, ఫలానా తారీఖున జాయినింగ్ అని.

మీ ఇంట్లో సర్వీసులో ఉన్న తమ్ముడో మేనల్లుడో ఉంటే ఈసారి లీవుకొచ్చినప్పుడు అప్పు సంగతి అడగండి, ఎవరైనా ఫారిన్ జాబ్ అని ఫోన్ చేస్తున్నారా అని అడగండి, చేస్తుంటే ఆ మెసేజ్ డిలీట్ చేయొద్దనండి, స్క్రీన్‌షాట్ తీసి యూనిట్‌లో ఇమ్మనండి, పాస్‌పోర్ట్ మాత్రం ఎవరి చేతికీ ఇవ్వొద్దని చెప్పండి.