మిద్దె మీది గ్రీన్‌హౌస్: వేడినీ తేమనూ అదుపులో పెట్టుకున్న తీరు

హైదరాబాదులోని మా డాబా మీద 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, నడికొప్పు దగ్గర 9 అడుగుల ఎత్తు ఉండేలా చిన్న గ్రీన్‌హౌస్ కట్టించుకున్నాను. టమాటా, క్యాప్సికం మొక్కలను కుండపోత వానల నుంచి కాపాడుకోవడం, ఆకుల రసం పీల్చే తెల్లదోమను బయటే ఆపడం నా ఉద్దేశం. దీని గురించి దొరికే సమాచారంలో చాలావరకు చలిదేశాల వాళ్ళు చెప్పినదే. వాళ్ళ తాపత్రయమంతా వేడిని లోపల నిలబెట్టుకోవడం గురించి. మన తాపత్రయం దాన్ని ఎలా సాగనంపాలా అని. ఉదాహరణకు, వేడికి మైనం వ్యాకోచించి కిటికీని దానంతట అదే తెరిచే గొట్టాలు అక్కడ చాలా ప్రసిద్ధి. అవి 20 డిగ్రీల అటూ ఇటూ తెరుచుకోవడం మొదలుపెడతాయి కాబట్టి మన దగ్గర పగటిపూట ఏడాదంతా తెరిచే ఉంటాయి. ఆ డబ్బుతో ఒక మేకు కొని కిటికీని తెరిచి ఉంచినా ఫలితం అదే.

అన్నిటికన్నా ముందు కావలసింది సరైన కొలత. ఆ రోజు గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలతో పాటు గాలిలో తేమ శాతాన్ని కూడా చూపే చిన్న డిజిటల్ మీటరు కొన్నాను. దాన్ని ఎండ తగిలేచోట వేలాడదీస్తే అది గాలి వేడిని కాక తన ఒంటి వేడిని చూపిస్తుంది. అందుకని రెండు వైపులా తెరిచి ఉన్న తెల్లటి పీవీసీ పైపు ముక్కలో పెట్టి, మొక్కల తలల ఎత్తులో కట్టాను. మార్చిలో బయట 36 డిగ్రీలున్న ఒక మధ్యాహ్నం తలుపూ, పక్కగోడలకు ఉన్న చుట్టి ఎత్తే తెరలూ మూసి ఉంచితే లోపల 45 దాటింది. కారణం లెక్క కట్టి చూస్తే ఆశ్చర్యం కలగదు. నడినెత్తి ఎండ చదరపు మీటరుకు దాదాపు 1000 వాట్లు మోసుకొస్తుంది. మా గ్రీన్‌హౌస్ నేల సుమారు 11 చదరపు మీటర్లు. పైన కప్పిన 200 మైక్రాన్ల పాలిథిన్ షీటు కొంత ఆపినా తొమ్మిది కిలోవాట్ల దాకా లోపలికి చేరుతుంది. స్నానాల గదిలో వాడే గీజర్లు నాలుగింటిని లోపల పెట్టి ఒకేసారి ఆన్ చేసినట్టే. టమాటాలో పగటి వేడి 35 డిగ్రీలు దాటితే పుప్పొడి చెడిపోయి పూత రాలిపోతుంది. క్యాప్సికం అంతకన్నా సుకుమారం, 32 దాటితేనే పూత నిలవదు.

గాలి రాకపోకల ఏర్పాటుకు నమూనా కోసం జీడిమెట్లలోని ఉద్యానశాఖ సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్‌కు వెళ్ళి అక్కడి పాలీహౌస్‌ల (పాలిథిన్ కప్పిన గ్రీన్‌హౌస్‌ల) కప్పులను శ్రద్ధగా గమనించాను. ఫ్యాన్లు లేకుండా నడిచే పాలీహౌస్‌కు కప్పులో నేల వైశాల్యంలో 15 నుంచి 20 శాతం దాకా తెరిపి ఉండాలనీ, పక్కగోడల్లో కూడా కనీసం అంతే ఉండాలనీ సాధారణంగా పాటించే లెక్క. ఆ లెక్కన మా కప్పు పొడవునా అడుగున్నర వెడల్పు సందు కావలసి వచ్చింది. వెల్డింగ్ చేసే అతను జీఐ పైపులు కోస్తూ, “సార్, నెత్తి మీద ఇంత సందు వదిలితే వాన లోపలికి కొట్టదా?” అని అడిగాడు. న్యాయమైన సందేహమే. వానాకాలంలో మన గాలి ప్రధానంగా పడమటి నుంచి వీస్తుంది కాబట్టి సందును తూర్పుకు తిప్పి, పడమటి వాలును దాని మీదుగా అడుగు ముందుకు సాగదీయించాను. ఇలా చేయడంలో మరో లాభం కూడా ఉంది. పడమటి గాలి కప్పును దాటి పోయేటప్పుడు తూర్పు వైపు పీడనం తగ్గి, లోపలి వేడిగాలిని తనతో పాటు లాగేస్తుంది.

అది నిజంగా జరుగుతున్నదో లేదో చూడటానికి ఊదుబత్తి వెలిగించి లోపల నిలబడ్డాను. పై సందును గుడ్డతో మూసినప్పుడు పొగ నిటారుగా లేచి, నడికొప్పు కింద మడతలు పడుతూ అక్కడే తేలింది. గుడ్డ తీసి, పక్క తెరలను హ్యాండిల్‌తో పైకి చుట్టగానే ఆ పొగతీగ తూర్పుకు వంగి, సందులోంచి సాఫీగా జారిపోయింది. వేడిగాలి పోవడానికి పైన ఎంత దారి కావాలో, చల్లగాలి రావడానికి కింద అంత దారీ కావాలి. ఒకటి ఉండి ఇంకొకటి లేకపోతే పొగ కదలదు.

అయితే ఈ దారులన్నిటికీ తెల్లదోమ రాకుండా 40 మెష్ (అంగుళానికి 40 కన్నాల) వల కొట్టించక తప్పదు. ఆ వల గాలిని గణనీయంగా అడ్డుకుంటుంది. దానికి తోడు నగరపు దుమ్ము. ఏప్రిల్‌లో వేలితో రాస్తే వల మీద సన్నటి బూడిదరంగు పొర కనిపిస్తుంది. సగం కన్నాలు మూసుకుపోయి ఉంటాయి. లోపలి నుంచి బయటికి నీళ్ళు కొట్టి కడిగిన మర్నాడు, అదే ఎండలో మీటరు రెండు డిగ్రీలు తక్కువ చూపింది. ఫ్యాన్లు, ఫాగర్లు (సన్నటి నీటి తుంపర చిమ్మే పరికరాలు) కొనే ముందు వల కడగండి అని నన్నడిగిన వారందరికీ చెబుతున్నాను. ఎవరూ ఉత్సాహంగా వినరు.

నీడ విషయంలో నా అభిప్రాయం గట్టిది: షేడ్‌నెట్ షీటుకు పైనే ఉండాలి. లోపల కడితే మొక్కకు నీడ పడుతుంది గానీ, వల పీల్చుకున్న వేడి లోపలే మిగిలిపోతుంది. నేను సగం ఎండను ఆపే 50 శాతం తెల్లవలను షీటుకు అడుగు ఎత్తున, మధ్యలో గాలి ఆడేలా కట్టించాను. ఫిబ్రవరి చివర వేసి, జూన్‌లో మబ్బులు కుదురుకోగానే తీసేస్తాను. వానాకాలంలో కూడా ఉంచితే వెలుతురు చాలక మొక్కలు సన్నగా సాగిపోతాయి. డాబా నేలకు తెల్లటి కూల్‌రూఫ్ రంగు వేయించి, గ్రోబ్యాగులను ఇనుప స్టాండ్ల మీదికి ఎక్కించాను. పగలంతా కాగిన స్లాబు రాత్రి తొమ్మిదింటికి కూడా వేడి చిమ్ముతూ ఉంటే, రాత్రి చల్లదనం కోరే టమాటా వేళ్ళకు అది శిక్షే.

ఇక నీటితో చల్లబరచడం. లీటరు నీరు ఆవిరైతే దాదాపు 0.67 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడిని తీసుకుపోతుంది. కానీ గాలి ఎంత పొడిగా ఉంటే అంతే ఆవిరవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో బయట 40 డిగ్రీలు, తేమ 20 శాతం ఉన్నప్పుడు తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు 22 దగ్గరికి దిగుతుంది, అంటే చల్లబడటానికి బోలెడంత అవకాశం ఉంది. అదే జులైలో 30 డిగ్రీలు, తేమ 80 శాతం ఉంటే 27 దగ్గరే ఆగిపోతుంది. అప్పుడు ఫాగరు ఆకులను తడపడం తప్ప ఇంకేమీ చేయదు. అందుకే ఫాగర్ల జోలికి పోకుండా పడమటి గోడకు నీళ్ళతో తడుస్తూ ఉండే వట్టివేళ్ళ తడికె, తూర్పు గోడకు నిమిషానికి వెయ్యి ఘనపుటడుగుల గాలిని తోసే ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించాను. ఆ లెక్కన లోపలి గాలి మొత్తం సుమారు నిమిషానికొకసారి మారుతుంది. ఈ ఏర్పాటు నడిచేటప్పుడు మాత్రం పై సందునూ పక్క తెరలనూ మూసేయాలి. లేకపోతే ఫ్యాను దగ్గరి దారి వెతుక్కొని సందులోంచి వేడిగాలినే లాగుతుంది, తడికె ఊరికే తడుస్తూ ఉంటుంది. కరెంటు పోయిన మరుక్షణం అన్నీ తెరవాలి కాబట్టి, మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేని రోజున ఫ్యాను జోలికి పోకుండా తెరలు తెరిచే వెళతాం. మా బోరు నీళ్ళలో ఉప్పెక్కువ. తడికె మీద తెల్లటి పెచ్చు కట్టకుండా, దాన్ని తడిపే తొట్టిలో నీటిని తరచూ పారబోసి కొత్తవి పోస్తాను.

వానలు మొదలయ్యాక లెక్క తలకిందులవుతుంది. వేడి బాధ తగ్గి తేమ బాధ మొదలవుతుంది, ఆకుమచ్చ తెగుళ్ళకు అదే అదను. నీళ్ళు పొద్దున్నే, డ్రిప్‌తో, ఆకు తడవకుండా ఇస్తాను. టమాటాకు అడుగున ఉన్న ఆకులను మోకాలి ఎత్తు వరకు తీసేస్తాను. తెల్లవారగానే, ఎండ ఎక్కకముందే తెరలను జానెడు ఎత్తి ఉంచడం ముఖ్యం. సూర్యుడు వచ్చాక గాలి త్వరగా వేడెక్కుతుంది, కాయ మాత్రం నెమ్మదిగా వేడెక్కుతుంది. ఆ చల్లటి కాయ మీద తేమ చెమటలా పేరుకొని బూజుకు చోటిస్తుంది. ముందే గాలి ఆడితే అది జరగదు. గాలి నిలిచిపోయిన రోజుల్లో చిన్న టేబుల్ ఫ్యానును మొక్కల వైపు కాకుండా గోడ వైపు తిప్పి వదులుతాను.

చలికాలపు రాత్రుల గురించి పెద్దగా చెప్పవలసింది లేదు. మామూలు పాలిథిన్ రాత్రి వేడిని నిలపలేదు. నేల నుంచి పోయే వేడికిరణాలు దానిలోంచి దాటిపోతాయి. డిసెంబరులో మబ్బులేని రాత్రి లోపలి ఉష్ణోగ్రత బయటిదానితో సమానంగానో, ఒక్కోసారి కాస్త తక్కువగానో నమోదైంది. హైదరాబాదు చలికి టమాటా తట్టుకుంటుంది కాబట్టి సాయంత్రం తెరలు దించడంతో ఆ పని అయిపోతుంది.

ఇన్ని చేసినా రోహిణి కార్తెలో మధ్యాహ్నం రెండు గంటలకు లోపలి వేడిని 35 కన్నా కిందికి దించడం, అందుకయ్యే నీటినీ కరెంటునూ చూస్తే, ఇంటి తోటకు గిట్టుబాటు కాదన్నది నా నిర్ణయం. ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వారం దాకా పక్కల షీటును పూర్తిగా విప్పి వల మాత్రం ఉంచుతున్నాను. కాయగూరలుగా బెండ, గోరుచిక్కుడు బయట పెరుగుతాయి. తడికె, ఫ్యాను సాయంతో లోపల ఒక మూలను ప్లాస్టిక్ తెరతో వేరు చేసి, మృగశిర కార్తెకు నాటవలసిన మిరప, వంగ నారును మాత్రం ట్రేలలో పెంచుతున్నాను.