బుక్ చదవకుండా సినిమా చూడనంది

"బుక్ చదవకుండా సినిమా చూడను తాతయ్యా" అంది మా అమ్మాయి. వేసవి సెలవులకి కందుకూరు వెళ్లినప్పటి మాట. మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని మాయాబజార్ చూడాలని మా నాయన ఎన్నాళ్ల నుంచో అనుకుంటున్నారు.

"దీనికి పుస్తకం ఏందమ్మా? భారతంలో కథే గదా" అన్నారు.

"అయితే భారతం చదివాక చూస్తాను."

నాయన బాధపడలేదు. "సరేలే, ఇప్పుడు చూడబాకు" అని టీవీ ఆపేసి పడక కుర్చీలో వాలారు. మనసు చివుక్కుమన్నది నాకే. ఇంత దూరం వచ్చి, తాతయ్య నోరు తెరిచి అడిగిన ఒక్క కోరికకి నియమాలు చెబుతుందేమిటి అనిపించింది. కానీ ఆ నియమం తనకి ఎంత ముఖ్యమో మా ఇంట్లో అందరికంటే నాకే బాగా తెలుసు.

న్యూజెర్సీలో మా ఇంట్లో హ్యారీ పాటర్ ఏడు పుస్తకాలూ ఆ పద్ధతిలోనే నడిచాయి. ఒక పుస్తకం ముగించాకే దాని సినిమా. చివరి పుస్తకాన్ని రెండుగా తీశారు కాబట్టి మొత్తం ఎనిమిది సినిమాలు. హ్యారీ చదివే మంత్రాల బడిలో అల్లరి చేసి అందరినీ ఏడిపించే పీవ్స్ అనే దయ్యం ఎనిమిదింటిలో ఒక్కదాంట్లోనూ కనపడదు. ఆ కోపం మా అమ్మాయికి ఇప్పటికీ తగ్గలేదు. "నువ్వు చదివినప్పుడు నీకు కనపడ్డాడు కదా, చాలదా" అని అడిగాను ఒకసారి. "నాకు కనపడితే చాలదమ్మా. చదవని వాళ్లకి వాడు అసలు లేనట్టే కదా" అంది. ఇంకొకరికి అందాల్సింది అందలేదని బాధపడుతున్న పిల్లకి ఏం సమాధానం చెప్పాలి?

పెర్సీ జాక్సన్ సంగతి ఇంకా పెద్దది. రిక్ రియర్డన్ రాసిన మొదటి పుస్తకం 2005లో వచ్చింది. అందులో పెర్సీకి పన్నెండేళ్లు. తన తండ్రి గ్రీకుల సముద్ర దేవుడని వాడికి మొదట తెలియదు. 2010లో సినిమా తీసినప్పుడు వాడిని హైస్కూల్ కుర్రాడిని చేశారు. నాకు అదేమంత పెద్ద మార్పుగా కనపడలేదు. మా అమ్మాయి కూర్చోబెట్టి చెప్పింది: పదహారో ఏడు వచ్చేసరికి ఏదో జరగబోతుందన్న జోస్యం మీదే అయిదు పుస్తకాలూ నడుస్తాయి, ప్రతి పుస్తకానికీ ఆ రోజు దగ్గర పడుతూ ఉంటుంది, మొదట్లోనే వాణ్ణి పెద్దవాణ్ణి చేస్తే ఇక ఎదురుచూడ్డానికి ఏముంటుంది? 2013లో రెండో సినిమా వచ్చింది, మూడోది రాలేదు. పదేళ్ల తర్వాత, 2023 డిసెంబరులో మొదలైన టీవీ సిరీస్‌కి రచయిత తనే కూర్చుని పని చేశారు. అందులో పెర్సీకి మళ్లీ పన్నెండేళ్లు. అది మొదలైన వారం మా ఇంట్లో పండగ వాతావరణం.

ఆ పుస్తకాల్లో ఒలింపస్ పర్వతం న్యూయార్క్‌లో ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ 600వ అంతస్తులో ఉంటుంది. నిజానికి ఆ భవనానికి ఉన్నవి 102 అంతస్తులే. చుట్టాలొస్తే అక్కడికి తీసుకెళ్లాం. లిఫ్ట్ దగ్గరున్న ఆయన్ని మా అమ్మాయి 600కి వెళ్లాలని అడిగింది. ఆయన నవ్వలేదు. "ఇవాళ మూసేశారమ్మా" అన్నాడు. ఆయనకి ఇవాళ్టికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

తోటి తల్లులు కొందరు అడుగుతుంటారు, ఈ మంత్రాలూ తంత్రాలూ పుస్తకాలు మాన్పించడం ఎలా అని. మాన్పించకండి అనే చెబుతాను. వీలైతే అందులో ఒకటి మీరూ చదవండి. సినిమా అయ్యాక "బాగుందా" అని అడగొద్దు, "ఏం మార్చారు" అని అడగండి. స్కూల్ ఎలా జరిగిందంటే ఒక్క ముక్కలో తేల్చేసే పిల్లలు ఈ ప్రశ్నకి గంటసేపు మాట్లాడతారు. ఆ గంటలో వాళ్లకి ఏది న్యాయం, ఏది అన్యాయం అనిపిస్తుందో అంతా బయటికొస్తుంది. ఇది నేను నమ్మకంగా చెప్పగలిగిన సలహా. మిగతావి ఇంత నమ్మకంగా చెప్పలేను.

ఇంట్లో తెలుగే మాట్లాడాలని పట్టుబట్టేది నేను. ఆదివారం తెలుగు క్లాసు ఎగ్గొడతానంటే ఒప్పుకోనిది నేను. లైబ్రరీ నుంచి సంచీ నిండా ఇంగ్లీషు పుస్తకాలు మోసుకొస్తుంటే మురిసిపోయేదీ, రీడింగ్‌లో క్లాసు కంటే చాలా ముందుందని టీచర్ అంటే ఆ మాట కందుకూరుకి ఫోన్ చేసి మరీ చెప్పేదీ నేనే. తను తెలుగు చక్కగా మాట్లాడుతుంది, చదవడానికి మాత్రం ఒక్కో అక్షరం కూడబలుక్కోవాలి. అలాంటి పిల్ల "భారతం చదివాకే" అంటే, ఆ నియమం తెలుగు సినిమా ముందర తలుపు వేసేసినట్టే. అదీ నా అసలు దిగులు.

పోనీ ఇంగ్లీషులో భారతం కొనిద్దామన్నా ఇంకో చిక్కుంది. మాయాబజార్ కథ వ్యాసుడి భారతంలో లేదు. భారతంలో అభిమన్యుడి పెళ్లి విరాటరాజు కూతురు ఉత్తరతో. బలరాముడి కూతురు శశిరేఖ, ఆ ప్రేమ, ఘటోత్కచుడి మాయలు, ఇవన్నీ జనం చెప్పుకుంటూ, ఆడుకుంటూ పెంచుకున్న కథ. దాన్ని 1957లో కె.వి.రెడ్డి గారు సినిమాగా తీశారు. ఈ మాట చెప్పగానే మా అమ్మాయి కళ్లు పెద్దవి చేసి, "అంటే మాయాబజార్ ఫ్యాన్ ఫిక్షనా!" అంది.

నాకు కోపమొచ్చింది. ఆ కోపం ఎందుకో కాసేపటికి నాకే అర్థం కాలేదు. తన లోకంలో అది తిట్టు కాదు. ఒక కథని బాగా ప్రేమించినవాళ్లు దానికి కలిపి రాసుకునేదే ఫ్యాన్ ఫిక్షన్. తనూ, తన స్నేహితురాలూ నోటుబుక్కుల కొద్దీ రాశారు.

అప్పుడు కవిత్రయం గురించి చెప్పాను. రాజమహేంద్రవరంలో నన్నయ భారతం మొదలుపెట్టి అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయారు. తర్వాత నెల్లూరులో తిక్కన ఆ సగం ముక్క జోలికి పోకుండా విరాటపర్వంతో మొదలుపెట్టి చివరిదాకా పదిహేను పర్వాలు రాశారు. ఆ తర్వాత ఎర్రన వచ్చి మధ్యలో మిగిలిన అరణ్యపర్వాన్ని నన్నయ పేరు మీదే పూర్తి చేశారు. ఎర్రనది మా పక్కనున్న గుడ్లూరు అంటారు. సిరీస్ మధ్యలో ఆగిపోతే ఏమవుతుందో బాగా తెలిసిన పిల్ల కాబట్టి శ్రద్ధగా విన్నది. "మరి మధ్యలో లేని పార్ట్ కోసం చదివేవాళ్లు అన్నేళ్లు వెయిట్ చేశారా? కోపం రాలేదా?" అంది. డిగ్రీ దాకా చదువుకున్నాను, నాకు ఆ ప్రశ్న ఎప్పుడూ తట్టలేదు.

నాయన మొదటినుంచీ పొగాకు రైతు. బ్యారన్ అనే కొట్టంలో పొగాకు మాగుతున్నంత కాలం రాత్రిళ్లు మంట చూసుకుంటూ మేలుకునేవారు. అప్పుడు పద్యాలు పాడుకునేవారు. తిరుపతి వెంకట కవుల పాండవోద్యోగ విజయాలు ఆయన చదివి నేర్చుకోలేదు, తిరణాళ్లలో తెల్లవార్లూ నాటకాలు చూసి పట్టుకున్నారు. కృష్ణుడు వేషం కట్టినవాడు ఒక పద్యం దాటేస్తే జనం ఊరుకునేవాళ్లు కాదట. ఆ పద్యం పాడితే గానీ ఆట ముందుకి సాగనిచ్చేవాళ్లు కాదట. ఈ సంగతి వింటూ మా అమ్మాయి, "ఫ్యాన్స్ అంటే అలా ఉండాలి" అంది. పీవ్స్‌ని తీసేసినప్పుడు కూడా అలా అరిచి ఉంటే బాగుండేదట.

ఒక శనివారం మాలకొండ వెళ్లాం. మాల్యాద్రి నరసింహస్వామి గుడి వారానికి ఆ ఒక్కరోజే తెరుస్తారు. మిగతా రోజుల్లో దేవతలూ రుషులూ వచ్చి స్వామిని కొలుచుకుంటారని మా వైపు చెబుతారు. పైకి వెళ్తే, అమ్మవారికి దారి ఇవ్వడానికి చీలిందనే బండ ఉంటుంది. ఆ ఇరుకులోంచి ఒళ్లు కుదించుకుని పోవాలి. మా అమ్మాయి అవతలికి వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చి, మళ్లీ వెళ్లి, నన్ను నిలదీసింది: "ఇంత ఉంటే ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదమ్మా?"

ఎందుకు చెప్పలేదో నాకూ తెలియదు. నాకు మాలకొండంటే పుట్టెంట్రుకలు, పొంగళ్లు, ఎండలో కాళ్లు కాలడం. అదొక కథని, దాన్ని పిల్లలకి పడుకునేముందు చెప్పొచ్చని అనిపించలేదు. చెబితే తప్పు చెబుతానేమోనన్న భయం కూడా ఉంది. ఏది శాస్త్రం, ఏది పుక్కిటి పురాణం అని ముందు తేల్చుకుందాం అనుకుంటూ ఏళ్లు గడిచాయి. పెర్సీ జాక్సన్ ఎలా పుట్టాడో మా అమ్మాయే చెప్పింది. రియర్డన్ కొడుక్కి డిస్లెక్సియా (అక్షరాలు చదవడం కష్టమవడం), ఏడీహెచ్‌డీ (ఒకచోట కుదురుగా ధ్యాస నిలపలేకపోవడం). రాత్రిళ్లు తండ్రి గ్రీకు పురాణాలు చెబుతుంటే ఒకనాటికి కథలు అయిపోయాయి, కొత్తది చెప్పమన్నాడు. ఆ కొత్తదే పెర్సీ. నా దగ్గర కథలు అయిపోవడం మాట అటుంచండి, అసలు మొదలే కాలేదు.

చివరికి దారి మా అమ్మాయే కనిపెట్టింది. "తాతయ్యా, మీరు మొత్తం చెప్పండి. మీరు చెప్పిందే బుక్ అనుకుంటాను. తర్వాత సినిమా చూస్తాను." డాబా మీద మంచాలు వేసుకుని కరెంటు ఉన్నా లేకపోయినా రోజూ కొంత చెప్పారు. నాయన కథలో ఘటోత్కచుడు సింగరాయకొండ దాటి, మాలకొండ మీద కాసేపు ఆగి, స్వామికి దణ్ణం పెట్టుకుని ద్వారకకి ఎగురుతాడు. చిన్నప్పుడు నాకూ అలాగే చెప్పారో లేదో గుర్తులేదు.

ఆ తర్వాత సినిమా చూశారిద్దరూ. ఎవరికి ఏది ప్రియమో దాన్ని చూపించే ప్రియదర్శిని పెట్టె రాగానే, మనసులో కోరికని చూపించే హ్యారీ పాటర్ అద్దం గుర్తొచ్చి మా అమ్మాయి సోఫాలోంచి లేచి నిలబడింది. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా సావిత్రి గారు నడుస్తుంటే ఆ నడక నేర్చుకుంది. సినిమా అంతా అయ్యాక రెండు ఫిర్యాదులు. ఒకటి, పాండవుల కథలో పాండవులు ఒక్కసారీ కనపడలేదు. నిజమే, ఆ సినిమాలో వాళ్లు లేరు. రెండోది, "మాలకొండ తీసేశారు."

నాయన ఎంత సంతోషపడ్డారో. నాకూ సంతోషమే, దాంతోపాటు గుబులూ పట్టుకుంది. రేపు అమెరికాలో నలుగురిలో ఘటోత్కచుడు మాలకొండ మీద ఆగాడని చెబుతుంది. ఎవరో ఫోన్ తీసి వెతికి అలాంటిదేం లేదంటారు. అప్పుడు తాతయ్య మాటని నిలబెట్టుకుంటుందా, వదిలేస్తుందా? వదిలేస్తే నేను తట్టుకోగలనా?

వచ్చేముందు ఇంకో చర్చ జరిగింది. రోషనీ చోక్షి రాసిన, 'ఆరు షా' అనే అమ్మాయి కథల పుస్తకాలు తనకి ప్రాణం. 2018లో మొదటిది వచ్చింది. అట్లాంటాలో ఉండే పన్నెండేళ్ల ఆరు, అర్జునుడి ఆత్మతో పుట్టిన పిల్ల. పాండవులంతా ఈ కాలంలో ఆడపిల్లలుగా పుడతారు. ఇలా ఆడపిల్లల్ని పెట్టి విరాటపర్వం చెప్పమని తాతయ్యని అడిగింది.

"అది మాత్రం కుదరదమ్మా" అన్నారు నాయన.

"మాలకొండ పెట్టారు కదా?"

"మాలకొండ వేరు."

ఎలా వేరో ఆయన చెప్పలేకపోయారు. పెర్సీకి నాలుగేళ్లు పెంచితే ఒప్పుకోనిదానివి, అర్జునుణ్ణి ఆడపిల్లని చేస్తే ఎలా ఒప్పుకున్నావు అని మా అమ్మాయిని అడిగాను. "అది వేరమ్మా" అంది తనూ. నన్నడిగితే నేనూ ఏదో ఒకదాన్ని వేరంటాను, కారణం నా దగ్గరా లేదు.

ఇప్పుడు ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో విరాటపర్వం నడుస్తోంది, పాండవులు మగవాళ్లుగానే. జమ్మి చెట్టు మీద ఆయుధాలు దాచేశారు. ధర్మరాజు, భీముడు విరాటుడి కొలువులో చేరిపోయారు. ఇక రావలసింది అర్జునుడు, బృహన్నలగా, చీరా గాజులతో, ఉత్తరకి నాట్యం నేర్పడానికి. ఆ సంగతి మా అమ్మాయికి ఇంకా తెలియదు. మొన్న కాల్ అయ్యాక నాయన నన్ను ఒక్కదాన్నే ఉండమని, "వచ్చే వారం నన్ను పట్టుకుంటదే అది. ఏం చెప్పమంటావ్?" అన్నారు.

ఉన్నదున్నట్టు చెప్పు నాయనా అన్నాను. చూస్తాలే అన్నారు.