బోటు సామాను బండెక్కించేటప్పుడు

ఏప్రిల్ 15న మొదలైన సముద్రంలో చేపల వేట నిషేధం జూన్ 14తో అయిపోద్ది కదా, అందుకని మొన్న భీమిలి నుంచి కాకినాడకి మా ఫైబర్ బోటు ఇంజను, వలలు వ్యాన్‌లో తీసుకెళ్ళాం. ఇంజను పడుకోబెట్టకుండా చెక్క స్టాండుకి నిలువుగా బిగించి, కింద పాత టైరు వేసి, నీళ్ళలో తిరిగే ఫ్యాను రెక్కలకి గోనె చుట్టి కట్టాం, గతుకుల్లో రెక్క కొంచెం వంగినా రేపు సముద్రంలో బోటంతా అదిరిపోద్ది. జీపీఎస్, వైర్‌లెస్ సెట్టు మాత్రం నా ఒళ్ళోనే. తుని దగ్గర టీకి ఆగితే మా చిన్నాన్న బండి దిగనే లేదు, గ్లాసు అక్కడికే పట్టుకెళ్ళి ఇచ్చా. ఇంజను ఎవరైనా ఎత్తుకుపోతే మళ్ళీ అప్పే మరి, ఇంటిల్లిపాదీ దానిమీదే బతుకుతున్నాం. అన్నయ్యలూ, ఇంజను నంబరు ఫొటో తీసి ఫోన్లో పెట్టుకోండి, బిల్లు కూడా, కంప్లైంట్ ఇవ్వాల్సొస్తే ముందు అదే అడుగుతారు.