రేడియో లేని రేసు

2024 జ్యూరిక్ ప్రపంచ సైక్లింగ్ ఛాంపియన్‌షిప్ పురుషుల రోడ్ రేసు మళ్లీ చూశా. మొత్తం 273.9 కిలోమీటర్లు. ఇంకా వంద మిగిలుండగానే స్లొవేనియా రైడర్ పొగాచార్ ప్రధాన గుంపును వదిలి ముందుకు దూకేశాడు. తెగింపే, కానీ గుడ్డి తెగింపు కాదు. అప్పటికే ముందున్న చిన్న గుంపులో అతని జట్టు సహచరుడు ట్రాట్నిక్ ఉన్నాడు. ట్రాట్నిక్ వేగం తగ్గించి, పొగాచార్ అందుకోగానే గాలికి తను అడ్డు నిలిచి లాక్కెళ్లాడు.

ఈ రేసులో జట్టు సూచనలు వినడానికి చెవిలో రేడియో ఉండదు. ముందువాళ్లకీ వెనకవాళ్లకీ మధ్య గ్యాప్ ఎంతో తెలియాలంటే మోటార్‌సైకిల్ మీద తెచ్చే పలక చూడాలి, లేదా వెనక్కి జారి టీమ్ కారు దగ్గరికెళ్లాలి. పైగా జట్లు దేశాలవారీగా. వెనక ఎవనెపూల్, వాన్ డెర్ పూల్ లాంటి వేర్వేరు దేశాల గట్టి ప్రత్యర్థులుంటే, ముందుండి గాలిని చీలుస్తూ గుంపును ఎవరు లాగాలి? లాగినవాడి కాళ్లు అయిపోతాయి, అతని చక్రం వెనక గాలి తగలకుండా కూర్చున్నవాడు చివరి స్ప్రింట్‌లో కొడతాడు. ఆ తటపటాయింపులోనే సెకన్లు జారిపోతాయి.

పొగాచార్ చివరి 51 కిలోమీటర్లు ఒంటరిగా. అక్కడ నిలబెట్టేది కడుపు. ఇంత పొడవు రేసులో గంటకు 90 నుంచి 120 గ్రాముల కార్బోహైడ్రేట్ పడాలి. గ్లూకోజ్ ఒక్కటే అయితే పేగు గంటకు సుమారు 60 గ్రాములే పీల్చుకుంటుంది, అందుకే ఫ్రక్టోజ్ కలుపుతారు. ఆకలేసేదాకా ఆగితే పని అయిపోయినట్టే. అంత చేసి గెలిచినా, రెండో స్థానంలో వచ్చిన ఓకానర్ మీద మిగిలింది 34 సెకన్లే!