మూడు నెలలు, నానబెట్టిన శనగలు

ఉద్యోగం లేని ఆ మూడు నెలలూ తిండి ఖర్చు సగానికి తగ్గించాల్సి వచ్చింది. మొదటి వారం చవగ్గా వస్తున్నాయని బ్రెడ్డు, నూడుల్స్‌తో నెట్టుకొచ్చాను. తిన్న రెండు గంటలకే మళ్ళీ ఆకలి, పైగా చిరాకు.

తర్వాత ప్యాకెట్ మీది ధర చూడటం మానేసి, కిలో ఎంత పడుతోంది, అందులో ప్రొటీన్ ఎంత అని చూడటం మొదలుపెట్టాను. 100 గ్రాముల ఎండు శనగల్లో దాదాపు 20 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. రాత్రి నానబెడితే పొద్దున్నకి బరువు ఇంచుమించు రెట్టింపు. ఒక్కో గుడ్డుకి ఇంకో 6 గ్రాములు. (రాజ్మా వండేవాళ్ళు జాగ్రత్త. నానబెట్టిన నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో కనీసం 10 నిమిషాలు తెర్లనిచ్చి, ఆ తర్వాత మెత్తగా ఉడికించాలి. సగం ఉడికినవి తిని ఒక రాత్రంతా నేను పడ్డ బాధ మీకొద్దు.)

ఇంకా సిగ్గేసిన విషయం చెత్తబుట్ట. వాడిపోయిన ఆకుకూర, కుళ్ళిన టమాటాలు, అన్నీ డబ్బులిచ్చి కొన్నవే! అప్పట్నుంచి ఆకుకూర తెచ్చిన మర్నాటికల్లా వండేయడం, ఫ్రిజ్‌లో వారాలు ఆగే క్యాబేజీ, క్యారెట్ వారం చివరికి ఉంచడం. ఆకలితో మార్కెట్‌కి వెళ్ళకపోవడం కూడా బాగా పనిచేసింది.

ఇప్పుడు జీతం వస్తోంది. ఆదివారం రాత్రి శనగలు నానబెట్టడం మాత్రం మానలేదు. నిజం చెప్పాలంటే, నూడుల్స్ కూడా మానలేదు.