31 పోస్టులు, 19 డ్రాఫ్టులు

బ్లాగు మొదలుపెట్టి మొన్నటికి ఏడాది. వారానికొకటి చొప్పున 52 రాసేస్తానని అప్పట్లో బల్లగుద్ది చెప్పాను. తీరా లెక్కపెడితే 31 తేలాయి, ఇంకో 19 డ్రాఫ్టుల్లో మూలుగుతున్నాయి, మిగతా రెండూ ఏమయ్యాయో అడగొద్దు.

నిన్న రాత్రి కూర్చుని మొదట్నుంచీ అన్నీ చదివాను. చాలాచోట్ల సిగ్గేసింది. ఒక్క పోస్టులోనే 'నిజానికి' అని తొమ్మిదిసార్లు రాశానంటే, మిగతా వాక్యాల్లో అబద్ధాలు చెబుతున్నానని చదివేవాళ్ళు అనుకోరూ? మనుషులు ఎలా బతకాలో చెబుతూ మూడేసి రోజులు కుస్తీపట్టి రాసినవి నాకే రెండో పేరా దాటలేదు. జ్వరంతో పడుకున్న ఒక మధ్యాహ్నం, కిటికీ అవతల ఎవరో ఊడిన సైకిల్ చైను ఎక్కించలేక అవస్థపడుతుంటే చూసి పది నిమిషాల్లో గిలికేసినది ఒకటుంది, అది మాత్రం చివరిదాకా చదివించింది. ఆ మనిషి చేతికంటిన గ్రీజును గోడకి తుడిచి, రెండడుగులు వేసి, వెనక్కొచ్చి ఆ మరకని మోచేత్తో చెరపబోయి ఇంకాస్త పెద్దది చేశాడు. ఇదంతా నేను పూర్తిగా మర్చిపోయాను. రాసి ఉండకపోతే ఆ మధ్యాహ్నం గురించి జ్వరం తప్ప ఇంకేమీ గుర్తుండేది కాదు.

ఆ మాటకొస్తే ఈ సంగతి బ్లాగు అన్న పేరులోనే ఉంది. 1997లో జోర్న్ బార్గర్ అనే ఆయన తన వెబ్‌సైటుని 'వెబ్‌లాగ్' అన్నాడు, 1999లో పీటర్ మెర్‌హోల్జ్ అనే ఇంకొకాయన సరదాగా దాన్ని 'వి బ్లాగ్' (మేం బ్లాగుతాం) అని విరిచాడు, అలా బ్లాగయింది. లాగ్ అంటే ఓడ ఎంత దూరం వచ్చింది, గాలి ఎటు వీచింది అని రోజూ రాసుకునే చిట్టా. నేనేమో చిట్టా పక్కనపడేసి ఆర్నెల్లు ఉపన్యాసాలు దంచాను.

టైపింగ్ గోల వేరే. 'ఫేస్‌బుక్' అని కొడితే స కింద బ ఒత్తు వచ్చి కూర్చునేది. మధ్యలో కంటికి కనబడని అక్షరమొకటి (జీరో విడ్త్ నాన్ జాయినర్ అట, పేరు మాత్రం బారెడు) పెట్టాలని తెలియక మూడు నెలలు మధ్యలో ఖాళీ వదిలి నెట్టుకొచ్చాను. ఆ పాత పోస్టులు ఇంకా అలాగే ఉన్నాయి, దిద్దే ఓపిక లేదు.

పడుకోబోయే ముందు అన్నిటికన్నా పాత డ్రాఫ్టు తెరిచాను. శీర్షిక 'సమయపాలన'. ఎనిమిది నెలలుగా సగంలోనే ఉంది. తీసేశాను. ఇంకా 18.